కౌంటరు మనిషి పని ఇప్పుడు తెర చేయాలి

మీసేవ మొదలైంది హైదరాబాదులో కాదు, చిత్తూరు జిల్లాలో. 2011 నవంబరు 4న. అప్పటి ముఖ్యమంత్రి నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి సొంతూరు, కలికిరి మండలంలోని నగరిపల్లె, ఆ జిల్లాలోనే ఉంది. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 2002లో, హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ అనే మూడేళ్ల ప్రయోగం చేపట్టింది. దాదాపు 3 లక్షల జనాభా ఉన్న ఆ ప్రాంతంలో సమాచార కేంద్రాలు పెట్టి, కంప్యూటరు మొహం చూడని పల్లెలకు ప్రభుత్వ పథకాల వివరాలు చేరవేయాలని చూసింది. సర్కారు సేవలు కంప్యూటరు మీదికి ఎక్కడంలో రాష్ట్రం వేసిన ముఖ్యమైన అడుగుల్లో రెండు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే పడ్డాయి. ఆ తర్వాత, 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్‌లో ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ పాలన వచ్చింది. మొదటి విడతలోనే 161 సేవలు. ఆఫీసు గడప తొక్కకుండా, అరచేతిలోని ఫోనులోనే సర్టిఫికెట్లు, బిల్లులు, అర్జీలు. మంచి ఆలోచన, కాదనేవాళ్లు ఉండరు. అయితే కుప్పం ప్రయోగంలోనూ మీసేవలోనూ తెరకూ జనానికీ మధ్య ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఫోనులో ఆ మనిషి లేడు.

మీసేవ కౌంటరు వెనక కూర్చున్న కుర్రాడు చేసే పనిని మనం టైపింగు అనుకుంటాం. నిజానికి అందులో టైపింగు చిన్న ముక్క. వచ్చిన ముసలామె మాటల్ని బట్టి ఆమెకు కావాల్సింది ఆదాయ సర్టిఫికెటా, కుటుంబ సభ్యుల సర్టిఫికెటా అని తేల్చుకుంటాడు. ఆధార్‌లో పేరు ఒకలా, పాసుపుస్తకంలో మరోలా ఉంటే పట్టుకుంటాడు. ఏ కాగితం తక్కువైందో చెప్పి రేపు తెమ్మంటాడు. ఆమె ఫోనుకు వచ్చిన మెసేజీ తనే చదివి నంబరు కొడతాడు. కుప్పంలో అయితే అవతలివాళ్లతో తమిళంలో, మదనపల్లెలో అయితే ఉర్దూలో నాలుగు మాటలు కలుపుతాడు. ఈ పనులేవీ సాఫ్ట్‌వేరు ఒప్పందంలో రాసి ఉండవు. అయినా సేవ చివరిదాకా నడిచింది వీటివల్లే. కౌంటరు పూర్తిగా పోలేదు. మీసేవలు ఉన్నాయి, 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి, వాటిలో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు. కానీ ప్రభుత్వాల ఊపు, బ్యాంకుల ఊపు, కంపెనీల ఊపు అంతా ఫోనువైపే. ఆ కుర్రాణ్ని పక్కకు తప్పించినప్పుడు అతను చేసిన పని మాయమైపోదు. తెర దాన్ని మీద వేసుకోవాలి, లేదంటే అది ఆ ముసలామె నెత్తిన పడుతుంది. డిజైన్ అంటే రంగులూ బొమ్మలూ సర్దడం అనుకునేవాళ్లు ఈ బరువు ఎటు పడుతుందో చూడడం లేదు.

ఎంతమంది నెత్తిన పడుతుంది? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. ఆ లెక్కల్లో అక్షరాస్యుడంటే చదవడం, రాయడం వచ్చినవాడు. తొమ్మిది పేజీల ఫారం నింపగలిగినవాడని కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 21 శాతం, మగవాళ్లు 49 శాతానికి కొంచెం తక్కువ. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, డేటా చవకైంది, అంకెలూ మారి ఉంటాయి. అయినా ఇంటర్నెట్‌ను తొలిసారి చేతపట్టుకుంటున్న లక్షలాది ఆడవాళ్ల కోసం కాకుండా, పదేళ్లుగా వాడుతున్న పట్నవాసి కోసమే నేటికీ మన యాప్‌లు తయారవుతున్నాయి. పెద్ద తప్పు అక్కడ ఉంది.

కుప్పం ప్రయోగంలో గుర్తుపెట్టుకోదగ్గ విషయం ఒకటుంది. సమాచార కేంద్రాల గురించి, పోర్టల్ గురించి అప్పట్లో చాలా ప్రచారం జరిగింది. అంతకంటే నాకు విలువైనదిగా తోచేది, స్వయంసహాయక సంఘాల ఆడవాళ్లకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటిని నడిపే సౌర ఫలక ఇచ్చి పల్లె ఫోటోగ్రాఫర్లను చేసిన పని. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లు. ఫోటో స్టూడియో కోసం కుప్పం దాకా పోవాల్సిన జనం. గుర్తింపు కార్డుకో, బ్యాంకు ఖాతాకో ఫోటో తప్పనిసరి. ఆ ముడి ఎక్కడుందో చూసి అక్కడే విప్పారు. పరికరాన్ని ముందు తయారుచేసి తర్వాత దానికి జనాన్ని అలవాటు చేయలేదు. ఆ ఆడవాళ్లు భుజాన వేసుకుని ఊరూరా తిరగగలిగేలా పరికరాన్నే వాళ్ల బతుక్కు తగ్గట్టు కూర్చారు. కంపెనీ కుప్పాన్ని ‘సజీవ ప్రయోగశాల’ అని పిలిచింది. మూడేళ్లు గడిచాక కంపెనీ పక్కకు తప్పుకుంది, ఆ కేంద్రాలు అదే రూపంలో నిలవలేదు.  పరికరమే మనిషికి తగ్గట్టు మారాలన్న ఆ పాఠం మాత్రం పాతబడలేదు.

ఇప్పుడు ఒక ఫోను తెరను దగ్గరగా చూద్దాం. కలికిరి టమోటా మండీలో మధ్యాహ్నం ఎండకు నిలబడి ఒక రైతు ఫోనులో ఏదో ఒక సేవ తెరిచాడనుకోండి. తెల్లటి తెరమీద లేత బూడిదరంగు అక్షరాలు. ప్రపంచమంతటా పాటించే వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనకున్న రంగుకూ కనీసం 4.5కి 1 నిష్పత్తిలో తేడా ఉండాలి. లేత బూడిద ఆ గీత దాటదు. ఏసీ గదిలో కూర్చుని గీసిన డిజైనరుకు అది సొగసు; ఎండలో రైతుకు ఖాళీ తెర. కళ్లలో శుక్లాలు మొదలైన అరవై ఏళ్ల మనిషికి నీడలో కూడా ఖాళీ తెరే. ఇంకొంచెం కిందికి రండి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తును లెక్కలోకి తీసుకుని గీసిన పెట్టెలో తెలుగు పెట్టారు. మన అక్షరానికి పైన గుడి, పక్కన కొమ్ము, కింద వత్తు. వరసల మధ్య ఎడం చాలక వత్తులు తెగిపోతాయి. ‘ధ్రువీకరణ’లో రావత్తు పోతుంది, ‘వ్యవసాయం’లో యావత్తు సగం కనబడుతుంది. ఇంగ్లీషులో ఒక్క ముక్కతో అయిపోయే బటన్ తెలుగులో రెండు పొడుగాటి మాటలవుతుంది. పెట్టె పట్టక చివర మూడు చుక్కలు మిగులుతాయి. నొక్కాల్సింది దేన్నో ఆ చుక్కల్లో దాగిపోతుంది. తెలుగు పెట్టేశాం, బాధ్యత తీరిందనుకునేవాళ్లు ఆ తెలుగును ఎవరైనా చదవగలుగుతున్నారా అని ఒక్కసారి చూడాలి.

చూపులేని వ్యక్తికి ఇదే తెర ఇంకోలా అందుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో ‘టాక్‌బ్యాక్’ తెరమీద ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపిస్తుంది. కంప్యూటరులో అయితే ఆస్ట్రేలియాకు చెందిన ఒక చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టిన, తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది. సాధనాలు సిద్ధంగా ఉన్నాయి, తెలుగు గొంతులూ ఉన్నాయి. అయితే యాప్ తయారుచేసినవాళ్లు ఒక్కో బటన్‌కు పేరు రాసిపెడితేనే అవి దాన్ని చదవగలవు. రాయకపోతే ‘బటన్, బటన్, బటన్’ అని మాత్రమే వినిపిస్తుంది. ఏది దరఖాస్తో, ఏది రద్దో తెలియదు. ఇక ప్రభుత్వ ఉత్తర్వును స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడితే కంటికి అక్షరాలు కనబడతాయి కానీ, చదివే సాఫ్ట్‌వేరుకు అది ఒక ఫోటో మాత్రమే. పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు అయితే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల దొంతరగా వినబడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. మూడు దశాబ్దాలు దాటినా ప్రభుత్వ కాగితం యూనికోడ్ తెలుగులోనే వెలువడాలన్న పట్టింపు గట్టిగా కనబడదు.

పేర్ల విషయం ఇంకొంచెం లోతుకు పోతుంది. ఫారంలో ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని రెండు గడులుంటాయి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తర్వాత. ఏ గడిలో ఏది రాయాలో ఒక్కొక్కరు ఒక్కోలా నిర్ణయించుకుంటారు. కుప్పం వైపు తమిళం మాట్లాడే చాలా కుటుంబాల్లో ఇంటిపేరే ఉండదు. తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనీషియల్‌గా పెట్టుకుంటారు. మదనపల్లె, పుంగనూరు, కలికిరిల్లోని ముస్లిం కుటుంబాల పేర్లకు వేరే పద్ధతి. ఇంతమందినీ రెండు గడుల్లోకి నెట్టితే ఆధార్‌లో ఒక వరస, బ్యాంకులో ఒక వరస, భూమి రికార్డులో ఇంకో వరస పడుతుంది. తర్వాత కంప్యూటరు వాటిని పోల్చి చూసి ‘పేరు సరిపోలలేదు’ అంటుంది. రావాల్సిన డబ్బు ఆగిపోతుంది. తప్పు తనదేనని ఆ మనిషి సచివాలయం చుట్టూ తిరుగుతాడు. ‘పూర్తి పేరు’ అని ఒక్క గడి పెట్టి, పోలికలో వరస తారుమారైనా ఒప్పుకునేలా రాస్తే చాలావరకు తీరే చిక్కు ఇది. దీనికి వైకల్యంతో సంబంధం లేదు, చదువుతోనూ లేదు. ఎవరి పద్ధతిని మామూలుగా లెక్కేసుకుని ఫారం గీశారన్నదే అసలు ప్రశ్న.

చట్టం ఈ విషయంలో వెనకబడి లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. ప్రభుత్వమైనా ప్రైవేటు సంస్థయినా సేవలందించేవాళ్లు గడువులోగా అందరికీ అందుబాటులోకి తేవాలని 46వ సెక్షన్‌లో చెప్పింది. అయితే దానికింద వచ్చిన నిబంధనలు ప్రమాణాలను సలహాల్లా వదిలేశాయి. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనల్లో 15వదానిలోని ముఖ్యభాగాన్ని చట్టానికి విరుద్ధమని కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో తయారుచేయమంది. కోర్టుకు ఈ వ్యవహారంలో అధ్యయన నివేదిక ఇచ్చింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రమే. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పు వచ్చింది. ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారించే ఈకేవైసీలో ‘కళ్లు ఆర్పండి’ అనే పరీక్ష దాటలేకపోయిన యాసిడ్ దాడి బాధితుల, చూపులేనివాళ్ల మొర విని, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని కోర్టు తేల్చింది. 20 ఆదేశాలు ఇచ్చింది. ఇక ఇది దయ చూపించే వ్యవహారం కాదు.

అందరికీ అందే డిజైనుకు ఎదురుగా వచ్చే వాదనల్లో మొదటిది ఖర్చు. కొద్దిమంది కోసం ఇంత తతంగమా అంటారు. 2011 లెక్కల్లోనే ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగులు 22 లక్షలకు పైగా ఉన్నారు. అది కూడా పాత, ఇరుకైన నిర్వచనం ప్రకారం. దానికి ముసలితనం కలపండి, చేయి విరిగి కట్టు కట్టుకున్నవాణ్ని కలపండి, మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం మీద దశాబ్దాలు కూర్చుని దగ్గరి చూపు సన్నగిల్లిన నేతన్నను కలపండి. కొద్దిమంది అనే మాట నిలవదు. ఖర్చు మాటకొస్తే, అక్షరాల రంగు ముదురు చేయడానికి పైసా పడదు. బటన్‌కు పేరు రాయడం, యాప్ కడుతున్నప్పుడే అయితే నిమిషాల పని. ఇల్లు లేచాక మెట్లు పగలగొట్టి వాలుదారి పోయడానికి అయ్యే ఖర్చును ముందే పోసినదాని ఖర్చుతో పోల్చి చూసే మేస్త్రీకి ఈ లెక్క చెప్పక్కర్లేదు. టెండరులోనే షరతు రాయకపోవడం వల్ల వచ్చిన ఖర్చును వికలాంగుల ఖాతాలో రాయడం న్యాయం కాదు.

రెండోది మరింత బలమైన వాదన, దాన్ని తేలిగ్గా తీసేయలేం. మన ఊళ్లలో ఎవరూ ఒంటరిగా ఉండరు, కొడుకో మనవరాలో చేసిపెడతారు, లేదంటే సచివాలయం సిబ్బంది ఉన్నారు కదా అంటారు. ఆ మాటలో నిజం ఉంది. ఎన్టీఆర్ భరోసా పింఛను 2024 జులై నుంచి సచివాలయ ఉద్యోగులే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. మంచం పట్టినవాళ్లకు ఏ యాప్ కంటే అది మేలు. మనిషి సాయం ఉండాలి, ఎప్పటికీ ఉండాలి. అయితే కోరుకుని తీసుకునే సాయానికీ, వేరే దారి లేక చేయి చాచే సాయానికీ చాలా తేడా ఉంది. ఓటీపీ ఇంకొకరికి చెప్పక తప్పని మనిషి, ఫోనులో అడిగిన మోసగాడికి కూడా చెబుతుంది. ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు వేసే ప్రకటన ఆమెకు పనికిరాదు, ఎందుకంటే చెప్పకుండా బతికే వీలు ఆ బ్యాంకు యాప్ ఆమెకు ఇవ్వలేదు. ఖాతాలో ఎంతుందో కొడుక్కి తెలియకూడదనుకునే తల్లులు ఉంటారు. భర్త మీద ఫిర్యాదు పెట్టాల్సిన భార్య ఆ ఫారాన్ని భర్త చేతే నింపించుకోలేదు. వైకల్యాన్ని గుర్తించే సదరం సర్టిఫికెట్‌కు స్లాటు బుక్ చేసుకోవడం దగ్గరే పక్కవాడి కళ్లు అరువు తెచ్చుకోవాల్సి రావడం ఆ మనిషికి అవమానం.

ఇక కృత్రిమ మేధ వచ్చింది, మాట్లాడితే చాలు, తెరతో పనేముంది అనేవాళ్లూ ఉన్నారు. గొంతుతో నడిచే సేవలపై నాకు ఆశ ఉంది. స్మార్ట్‌ఫోను లేనివాళ్ల కోసం 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన ‘యూపీఐ 123పే’, మిస్డ్ కాల్‌తోనూ ఫోనులో వినిపించే సూచనలతోనూ డబ్బు పంపించవచ్చని చూపించింది. కానీ ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల మాట వేరు. తెలుగు వాక్యం మధ్యలో కన్నడం దొర్లుతుంది, తమిళం దొర్లుతుంది. పుస్తకాల తెలుగు విని నేర్చుకున్న యంత్రం ఇక్కడి మాట ఎంతవరకు పట్టుకుంటుందో ఇక్కడే పరీక్షించాలి. రైతు సేవా కేంద్రంలో పదిమంది మధ్య నిలబడి ఖాతా నంబరు గట్టిగా చదవలేం. మాట రానివాళ్లు, వినబడనివాళ్లు ఎటు పోవాలి? పైగా గొంతు వెనక ఉన్నది అదే ఫారం, అవే రెండు పేర్ల గడులు. కింద పునాది వంకరగా ఉంటే పైన ఎంత తెలివైన గొంతు పెట్టినా అది ‘పేరు సరిపోలలేదు’ అని తియ్యగా చెబుతుంది, అంతే.

భద్రత కోసం కొన్ని ఇబ్బందులు తప్పవనేది చివరి వాదన. వేలిముద్ర, వంకరటింకర అక్షరాల క్యాప్చా, ముప్ఫై సెకన్లలో కొట్టాల్సిన ఓటీపీ. దొంగలను ఆపాలి, నిజమే. కానీ కూలిపనిలో వేలి గీతలు అరిగిపోయిన మనిషిని ఆపే తాళం దొంగను ఆపుతోందని ఎలా చెప్పగలం? భద్రత తగ్గించమని ఎవరూ అడగడం లేదు, దారులు పెంచమంటున్నారు. వేలిముద్ర పడకపోతే ఐరిస్, అదీ కాకపోతే ముఖం, అదీ కాకపోతే అధికారి ధ్రువీకరణ. ఓటీపీకి గడువు పెంచుకునే బటన్. 2023లో వచ్చిన వెబ్ ప్రమాణాల కొత్త కూర్పు కూడా, లాగిన్ అవడానికి జ్ఞాపకశక్తి పరీక్షలూ పజిళ్లూ మాత్రమే దారిగా ఉండకూడదని స్పష్టంగా చెప్పింది.

ఏం చేయాలన్నది పెద్ద రహస్యం కాదు. రాష్ట్రం ఏ కొత్త సేవ విడుదల చేసినా, అంతకుముందు నెలరోజులు పడమటి మండలాల్లో పరీక్షకు పెట్టాలి. విజయవాడ ఆఫీసులో ఇంజినీర్లు పరీక్షిస్తే చాలదు. కలికిరిలో 2013 నుంచి జేఎన్‌టీయూ అనంతపురం వారి ఇంజినీరింగ్ కళాశాల ఉంది. మదనపల్లెలో ఇంజినీరింగ్ విద్యాసంస్థలున్నాయి. కుప్పంలో 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే గోడల మధ్య చదువుకునే చోటు. ఈ విద్యార్థులకు ప్రాజెక్టు కింద ఈ పరీక్ష పనే ఇవ్వండి. అయితే పరీక్షించేది వాళ్లు కాదు, వాళ్లు పక్కన కూర్చుని రాసుకోవాలి. ఫోను పట్టుకునేది టాక్‌బ్యాక్ వాడే చూపులేని యువకుడు, చేయి వణికే పెద్దాయన, ఉర్దూ మాత్రమే చదవగల గృహిణి, మండీ నుంచి వచ్చిన రైతు. వాళ్ల సమయానికి కూలి కట్టి ఇవ్వాలి. వాళ్లు చేస్తున్నది నిపుణుల పని. వాళ్లు ఎక్కడ ఆగారో అక్కడ సరిచేశాకే విడుదల. ఉర్దూ 2022 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష కాబట్టి ఆ భాషలోనూ తెర ఇవ్వాలి.

ఇంకొక్కటి అడగాలి. ఎన్ని లక్షల సేవలు అందించామో ప్రభుత్వం ఘనంగా ప్రకటిస్తుంది. ఆ అంకెలో ఫారం పూర్తి చేసినవాళ్లే ఉంటారు. మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లు ఏ లెక్కలోనూ రారు. సర్వరులో మాత్రం ఆ వివరం ఉంటుంది. ఏ పేజీ దగ్గర, ఏ గడి దగ్గర ఎంతమంది ఆగిపోయారో యంత్రానికి తెలుసు. పేర్లు, నంబర్లు బయటపెట్టకుండా ఆ లెక్కను మండలాలవారీగా, సేవలవారీగా ప్రతి మూడు నెలలకూ ప్రచురించాలి. గుడుపల్లె మండలంలో వందమంది మొదలుపెట్టిన దరఖాస్తును ఎంతమంది చివరిదాకా పంపగలిగారు, పేరు గడి దగ్గర ఎంతమంది ఆగారు, క్యాప్చా దగ్గర ఎంతమంది, ఓటీపీ గడువు దాటి ఎంతమంది. శాసనసభలో ఎమ్మెల్యేలు అడగాల్సిన ప్రశ్నలు ఇవి. సాఫ్ట్‌వేరు కంపెనీలకు బిల్లులు మంజూరు చేసే అధికారి బల్లమీద కూడా ముందు ఆ కాగితమే ఉండాలి.